మొదటి సగం టీ

"సార్, మా చర్చిలో ఒక పాత వాల్వు సెట్టుందండీ, గిటారు సౌండు పెంచేది. కొత్తవాటికి రెండు స్విచ్‌లుంటాయి గదా, పవరొకటీ స్టాండ్‌బై ఒకటీ. దీనికి ఒక్కటే ఉంది. రెండోది పెట్టించమంటారా?"

ఫోన్ చేసింది నా దగ్గర గిటారు నేర్చుకునే ఒక బ్యాంకు ఉద్యోగి. విజయవాడ నుంచి చల్లపల్లి వైపు బదిలీ అయి ఆరు నెలలైనా పాఠాలు మానలేదు. నెలకి రెండు శనివారాలు వస్తాడు, మధ్యలో ఫోన్లో ప్రశ్నలు వేస్తాడు. స్టాండ్‌బై స్విచ్ గురించి అడిగితే నేను గంటసేపు మాట్లాడగలను. ఒకప్పుడు దాని మీద ఒక మనిషితో మూడేళ్ళు పోట్లాడాను. కానీ ఆ రోజు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను.

"స్పీకరు ముందు గుడ్డ ఎలాంటిదండీ?"

"గుడ్డా? ఉండండి చూస్తాను... నూలు గుడ్డేనండీ. పైన చీర అంచులా ఉంది. జరీ నల్లబడింది."

కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. "మీ ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుంది?"

"నిన్నమొన్నటిదాకా దీపం పెట్టుకుని లైటు చూడాల్సొచ్చేదండీ. పోయినవారమే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేశారు. ఇప్పుడు ఫ్యానేస్తే కాగితాలు ఎగిరిపోతున్నాయి."

"నేను వచ్చేదాకా ఆ సెట్టు ఆన్ చెయ్యొద్దు. ప్లగ్గు పీకేసి పక్కన పెట్టమని పాస్టరు గారికి చెప్పండి."

"ఏవైందండీ?"

"ఏం కాలేదు. కాకూడదనే చెబుతున్నాను."

అది పదకొండో సెట్టు. దాని కోసం విజయవాడ వన్ టౌన్‌లో ఒక పెద్దాయన తన చివరి రోజులదాకా వాకబు చేస్తూనే ఉన్నారు. దొరక్కుండానే పోయారు. ఆయన పోయిన నాలుగేళ్ళకి అది తనంతట తానే ఫోన్ చేయించి, నాకు రెండో స్విచ్ కావాలా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది.

ఆయన్ని అందరూ భాయ్ అనేవారు. నేను మాస్టారు అనేవాణ్ణి. పని నేర్పినందుకు కాదు, తిట్టినందుకు. పని తర్వాతెప్పుడో నేర్పారు. తాళ్ళ కొట్టుకీ స్టీలు సామాన్ల గోడౌనుకీ మధ్య, ఇద్దరు పక్కపక్కన నిలబడితే నిండిపోయే షాపు ఆయనది. సరుకు బండి వస్తోందంటే గుమ్మంలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు లోపలికి లాక్కోవాలి. రేడియోలూ మైకు సెట్లూ బాగుచేసేవారు గాని ఆయన పేరంతా గిటారు సెట్లతో వచ్చింది. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగి, బాగా వేడెక్కితేగాని పలకని సెట్లవి. తొంభైల్లో మా చుట్టుపక్కల ఏ ఆర్కెస్ట్రా గిటారు తియ్యగా పలికినా, అది భాయ్ సెట్టయి ఉంటుందని వెతుక్కునేవాళ్ళం.

ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ నడుం వెనకే ఉండేది. సెట్టు ఆన్‌లో ఉండగా లోపల చెయ్యి పెట్టాలంటే ఒక్క చెయ్యే పెట్టాలి. రెండూ పెడితే, పొరపాటున తగిలిన కరెంటు ఒక చేతిలో దూరి రెండో చేతిలోంచి పోతుంది, మధ్యలో గుండె ఉంటుంది. అందుకని రెండో చేతిని వెనక్కి కట్టేసుకోవడం ఆయన అలవాటు. ఆ అలవాటు షాపు దాటి వీధిలోకి కూడా వచ్చేసింది. కూరగాయలు బేరమాడినా, బస్సు కోసం నిలబడినా, ఎవరితోనైనా వాదించినా ఎడమచెయ్యి వెనకే. "మా నిఖా ఫోటోలో కూడా అంతేనయ్యా. చూసినోళ్ళు ఆయనకి ఒకటే చెయ్యా అనడిగారు" అని వాళ్ళావిడ ఒకసారి నాతో అన్నారు. అప్పుడు కూడా ఆయన ఒంటిచేత్తోనే నవ్వును తుడుచుకున్నారు.

స్పీకరు ముందు గుడ్డ కోసం మంగళగిరి వెళ్ళేవారు. బజారులో దొరికే నల్ల గుడ్డ ఆయనకు నచ్చేది కాదు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. చీరల కొట్లో కూర్చుని, తానుల్లోంచి ఒక పొర తీసి నోటికి అడ్డం పెట్టుకుని "హలో, వన్ టూ త్రీ" అన్నారు. పక్కన పెళ్ళి చీరలు చూసుకుంటున్న ఆడవాళ్ళు బేరం ఆపేసి చూస్తున్నారు. కొట్టతనికి మాత్రం అలవాటే, ఇంకో తాను దించాడు. అయిదారు గుడ్డల వెనక నుంచి హలో చెప్పాక ఒకటి తేల్చారు. "మాట ఆగకూడదు, దుమ్ము ఆగాలి. ఇది బాగుంది" అన్నారు. అంచు కోసెయ్యమంటారా అని కొట్టతను అడిగితే ఒప్పుకోలేదు. నేసినవాడు అంత కష్టపడి వేస్తే కోసెయ్యడమెందుకని ఆయన ప్రశ్న. అందుకే ఆయన సెట్లన్నిటికీ నుదుటి మీద చీర అంచు ఉండేది.

ఇక టీ. సెట్టు ఆన్ చెయ్యగానే ఎదురు కొట్టుకి కేకేసి టీ చెప్పేవారు. అది వచ్చాక తొందర లేకుండా సగం తాగేవారు. అప్పుడుగానీ మీటరు తీసేవారు కాదు, గిటారు తగిలించనిచ్చేవారు కాదు. "వాల్వుకి తొందర లేదు. తొందరంతా నీ చేతికే" అనేవారు. మిగిలిన సగం అక్కడే బల్లమీద ఉండేది. పరీక్ష అంతా అయ్యాక, చల్లారి మీగడ కట్టిన ఆ టీని అమృతంలా తాగేవారు. నాకూ టీ చెప్పేవారు గాని, నేను వేడిగా ఉండగానే మొత్తం తాగేసి, ఆయన చల్లటి టీని చూసి మొహం చిట్లించుకునేవాణ్ణి. "పాచి నీళ్ళు తాగినట్టు అదేం రుచి మాస్టారూ" అని ఎన్నిసార్లన్నానో.

నేనప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. జుట్టు పెంచాను, తెలివి కూడా అంతే పెరిగిందనుకునేవాణ్ణి. ఎవరో స్నేహితుడు విదేశీ పత్రికలో బొమ్మ ఒకటి జిరాక్స్ తీసి ఇచ్చాడు. పేరున్న గిటారు సెట్టు, దాని లోపలి వైరింగు. దానికి పవర్ స్విచ్ పక్కన ఇంకో స్విచ్. మర్నాడే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను.

"మాస్టారూ, మీ సెట్టుకి ఇది లేదే."

ఆయన భూతద్దం పెట్టి కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇదా. వాయించేవోడు బీడీ తాగొచ్చేదాకా సెట్టు నోరు ముయ్యటానికి."

"కాదండీ. వాల్వులు వేడెక్కకముందే పెద్ద వోల్టేజీ తగిలితే పాడైపోతాయంట. ముందు పవరు వేసి వేడెక్కనిచ్చి, తర్వాత ఈ స్విచ్ వేస్తే అప్పుడు వోల్టేజీ వెళ్తుందంట."

"అంట అంటున్నావు. ఎవరంట?"

"పుస్తకంలో ఉందండీ."

ఆయన సెట్టు వెనక పలక తీసి, ఒక పక్కగా ఉన్న లావుపాటి వాల్వుని చూపించారు. "వోల్టేజీ వండిపెట్టేది ఇది. ఇది కూడా వేడెక్కాల్సిందేగా. మిగతావి నిద్ర లేచేసరికి ఇదీ లేస్తది. వండేవోడూ తినేవోడూ ఒకేసారి లేస్తుంటే మధ్యలో కాపలావోడెందుకు?"

"అంత పెద్ద కంపెనీవాళ్ళు ఊరికే పెడతారా?"

"ఎందుకు పెట్టారో వాళ్ళనే అడుగు. పైగా నువ్వేం చేస్తావో నాకు తెలుసు. స్టాండ్‌బైలో పెట్టి భోజనానికి పోతావు. గంటలకొద్దీ వాల్వుని పొయ్యి మీద కూర్చోబెట్టి తిండి పెట్టకపోతే అది పాడౌద్ది. అసలు సంగతి ఇంకోటుంది. లేని స్విచ్ చెడిపోదు."

ఆ చివరి మాట ఆయనకు చాలా ఇష్టం. స్విచ్ ఒక్కటే కాదు, బొత్తాలు ఎక్కువున్న చొక్కాని చూసినా అదే అనేవారు. నేనూ వదల్లేదు. వెళ్ళినప్పుడల్లా కొత్త వాదన ఒకటి మోసుకెళ్ళేవాణ్ణి, ఆయన పాత జవాబే ఇచ్చేవారు. తాళ్ళ కొట్టాయన వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇయ్యాళ ఎవరు గెలిచారు?" అనడిగి వెళ్ళేవాడు. మూడేళ్ళు అలా సాగింది. నాకు ఆ పోట్లాట ఎంత ఇష్టమో అప్పుడు తెలియదు.

ఈ మధ్యలో ఆ లావుపాటి వాల్వు బజారులో దొరకడం మానేసింది. ఆయన ఊరంతా తిరిగి, చివరికి దాని బదులు డయోడ్లు వేయడం మొదలుపెట్టారు. మినపగింజంత వస్తువు, వేడెక్కే పని లేదు, ఆన్ చెయ్యగానే వోల్టేజీ ఇచ్చేస్తుంది. కాస్త ఎక్కువే ఇస్తుంది. దాన్ని తగ్గించడానికి ఒక రెసిస్టర్ వేసి, సగం టీ తాగి, మీటరు పెట్టి చూస్తే అంకె సరిగ్గా పాతదే వచ్చింది. ఆయన తృప్తి పడ్డారు. నా సెట్టుకీ అలాగే మార్చారు. లేని స్విచ్ చెడిపోదన్న మాట మాత్రం మారలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా కీబోర్డు అతని చెల్లెలి రిసెప్షన్ జరిగింది. విజయవాడలోనే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న హాలు. కరెంటు దిట్టంగా ఉంది. మాస్టార్నీ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూల్‌డ్రింకు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం ఇంకా జనం పూర్తిగా రాలేదు. నేను సెట్టు ఆన్ చేశాను. పది అంకెలు లెక్కపెట్టేలోపు వెనక టపాకాయలా పేలింది. తెల్లటి పొగ, కుళ్ళిన వాసన, కాలిన కాగితం ముక్కలు కీబోర్డు అతని జుట్టునిండా పడ్డాయి. లోపల కరెంటు నిలవ ఉంచే కండెన్సరు పగిలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నాకు కోపం వచ్చింది. కోపంలో ఎక్కడో ఒక సంతోషం కూడా ఉంది, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. "మూడేళ్ళ నుంచీ మొత్తుకుంటున్నా స్విచ్ పెట్టమని. ముసలాయన వింటేగా. ఆయనకేం తెలుసని?" అన్నాను. నా ముందున్న మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది, బయట షామియానాలో వంటవాళ్ళక్కూడా.

మాస్టారు కూల్‌డ్రింకు సీసా కుర్చీ కింద పెట్టి మెల్లగా స్టేజీ ఎక్కారు. వంగి ప్లగ్గు పీకేశారు. "ఎవురూ చెయ్యి పెట్టమాకండి. లోపల చార్జి ఇంకా ఉంటది" అన్నారు. పెళ్ళివారి పిల్లలు అటు రాకుండా, ఎడమచెయ్యి వెనక పెట్టుకుని ఆ సెట్టు పక్కన పావుగంట కాపలా నిలబడ్డారు. నావైపు చూడలేదు. సెట్టు రిక్షాలో వేయించుకుని, భోజనం చేయకుండానే షాపుకి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్ళాను. నా సెట్టు బల్లమీద విప్పి ఉంది. పగిలిన చోట ఎక్కువ వోల్టేజీ ఆగే కండెన్సర్లు వేసి ఉన్నాయి. సెట్టు ఇంకా ఆన్ కాలేదు, అయినా మీటరు అప్పటికే తగిలించి ఉంది. ఎదురు కొట్టుకి టీ చెప్పలేదు.

"రా. ముల్లు చూడు" అని స్విచ్ వేశారు.

ముల్లు ఒక్క ఊపులో పైకి లేచి, నేనెప్పుడూ చూడని అంకె దగ్గరికి పోయి నిలబడింది. వాల్వులు ఎర్రబడి వేడెక్కేకొద్దీ నెమ్మదిగా దిగుతూ వచ్చి, మాకు తెలిసిన పాత అంకె దగ్గర ఆగింది.

"నేను ఇన్నాళ్ళూ చూసింది ఇక్కడ ఆగాక" అన్నారు. "వాల్వులు చల్లగా ఉన్నంతసేపూ కరెంటు లాగవు. లాగకపోతే రెసిస్టరు ఏం తగ్గించుద్ది? మొత్తం వోల్టేజీ పోయి కండెన్సరు నెత్తిన కూర్చుంటది. పాత వాల్వుతో ఈ గొడవ లేదు, అది మెల్లగా ఇచ్చేది. ఇరవయ్యేళ్ళ నుంచీ సగం టీ తాగాకే మీటరు పెట్టా. మొదటి సగం టీలో లోపల ఏం జరుగుద్దో ఎప్పుడూ చూళ్ళా. పని మార్చా, అలవాటు మార్చలా."

ముందురోజు మాటకి క్షమించమని అడగాలని నాకు తోచలేదు. గెలిచినవాడు క్షమాపణ చెప్పడమేమిటని అనుకున్నాను.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "డయోడ్లు వేసినయ్యి పదకొండు. నీది అయిపోయింది. ఇంకా పది ఊళ్ళ మీదున్నయ్. ఎవరి మొహాన పేలకముందే పోవాలి. నీకు ఆదివారాలు ఖాళీయేనా?"

అలా ఆ ఎండాకాలమంతా మేం బస్సుల్లో తిరిగాం. మీటరూ, సోల్డరింగ్ ఐరనూ, కండెన్సర్లూ ఉన్న సంచీ నేను మోసేవాణ్ణి. మొదట చల్లపల్లి. అక్కడి ఆర్కెస్ట్రా నడిపేవాడికి సైకిలు షాపు ఉంది. ఆ సైకిలు షాపాయన్ని చూడగానే నేను ముందు దూరి, "ఫ్రీ సర్వీసు చేస్తున్నామండీ, మీ సెట్టు ఒకసారి చూసిపోదామని" అన్నాను. మాస్టారి పరువు కాపాడుతున్నానని నా ఉద్దేశం.

మాస్టారు నా చొక్కా పట్టుకుని పక్కకి లాగారు. "సర్వీసంటే ఏంటయ్యా అర్థం? వాళ్ళు వాడి పాడుచేస్తే మనం బాగుచేస్తున్నట్టు. తప్పు నా దగ్గర్నుంచి లేచి పోయి వాళ్ళింట్లో కూర్చుందిగా. నువ్వు మాట్టాడబాక." తర్వాత సైకిలు షాపాయన ముందుకెళ్ళి, "తప్పు నాదండీ. నేనేసిన కండెన్సరు మీ సెట్టుకి చాలదు. పేలొచ్చు. మార్చిపోదామని వచ్చా" అన్నారు. అలా అన్నప్పుడు రెండు చేతులూ జోడించారు. ఆయన ఎడమచెయ్యి ముందుకు రావడం నేను చూడటం అదే మొదటిసారి.

సైకిలు షాపాయన నమ్మలేదు. "బానే పాడుతోందిగా భాయ్. బాగున్నదాన్ని విప్పుతానంటావేంటి? మంచి పార్టు పీక్కుపోటానికొచ్చావా?" అని నవ్వాడు. సగం నిజంగానే అన్నాడు. మాస్టారు గోడ ప్లగ్గులో మీటరు పెట్టి చూశారు. అక్కడ వచ్చే కరెంటు చాలా తక్కువ. ఆ తక్కువ కరెంటు వల్ల లోపల వోల్టేజీ కూడా లేవడం లేదు, అందుకే కండెన్సరు బతికి ఉంది. ఎలాగో ఒప్పించి, కండెన్సరు మార్చి బయటికొచ్చాక ఆయన నవ్వారు. "ఇన్నాళ్ళూ లో వోల్టేజీయే నా పరువు కాపాడింది. కరెంటు బాగుపడితే చాలు, నా పని అయిపోద్ది."

మంగళగిరిలో సెట్టున్న ఇంటికి శుక్రవారం వెళ్ళాం, ఆ వారం ఆదివారం కుదరక. ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. "శుక్రవారం పూట ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదు బాబూ" అంది. అది పనికిరాని కండెన్సరమ్మా అని నేను వాదించబోయాను. మాస్టారు ఆపారు. "పోదమ్మా. పాతది మీ కిటికీలోనే పెట్టిపోతా. ఎవురూ వాడకుండా చూడండి" అన్నారు. ఈలోగా జుమ్మా నమాజు వేళయింది. సెట్టు విప్పి ఉండగానే వెళ్ళి నమాజు చేసుకొచ్చి, మిగతా పని పూర్తిచేసి, పాత కండెన్సరుని కిటికీలో పెట్టారు. అప్పట్నుంచీ ఏ ఇంటికెళ్ళినా అదే పద్ధతి. "నా తప్పు ఎట్టుందో వాళ్ళు కూడా చూసుకుంటారు" అనేవారు. మా చుట్టుపక్కల ఆ ఇళ్ళ కిటికీల్లో ఆయన తప్పులు చాలాకాలం కూర్చుని ఉన్నాయి.

ఆ రోజు తిరిగొస్తూ, బస్సు బ్యారేజీ మీదికొచ్చాక నాలో పాత పురుగు కదిలింది. "ఏదేమైనా మాస్టారూ, నా మాటే నిజమైంది గదా. స్విచ్ ఉంటే పేలేది కాదు" అన్నాను.

ఆయన నా జేబులోంచి పెన్ను తీసి, బస్సు టికెట్టు వెనక గీశారు. "నీ జిరాక్స్ కాగితంలో స్విచ్ ఎక్కడుంది? కండెన్సరు దాటాక. కండెన్సరు ముందు కాదు. అట్టాగే పెట్టుంటే, నువ్వు స్విచ్ ఆపుకుని కూర్చున్నంతసేపూ కండెన్సరు మీద ఆ మొత్తం వోల్టేజీ ఉండేది. ఇంకా ముందే పేలేది."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే తెలుసు."

"మరి హాల్లో నేను అంతమందిలో అంటుంటే ఎందుకు చెప్పలేదండీ?"

"పేలింది నా కండెన్సరు. అది వదిలేసి అప్పుడు నీ తప్పు చూపిస్తా కూర్చోమంటావా?" అన్నారు. టికెట్టు నాకిచ్చేసి కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారు.

మైకులో నేనన్న మాట గుర్తొచ్చింది. క్షమించండి అనడానికి నోరు తెరిచాను. ఇంతలో స్టాపు వచ్చింది, ఆయన దిగి, ఎడమచెయ్యి వెనక పెట్టుకుని జనంలో కలిసిపోయారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు వెళ్ళేసరికి ఆయన మామూలుగానే ఉన్నారు, టీ చెప్పారు. ఇప్పుడెందుకులే అనిపించింది. అలా ఆ మాట వాయిదా పడుతూ పడుతూ అక్కడే ఉండిపోయింది.

పదకొండో సెట్టు దొరకలేదు. అవనిగడ్డ వైపు ఒక ఆర్కెస్ట్రా విడిపోయి, సామాన్లు తలా ఒకటి అమ్ముకున్నారు. మూడుసార్లు వెళ్ళాం. ఒకరు నాగాయలంక అన్నారు, ఇంకొకరు ఏదో లంక గ్రామం అన్నారు. ఆ తర్వాత ఆయనకు షుగరు పెరిగి చూపు తగ్గింది, బస్సులు ఎక్కడం మానేశారు. షాపుకి ఎవరొచ్చినా, వైరు ముక్క కోసం వచ్చినవాణ్ణి కూడా, "మీ వైపు చీర అంచున్న సెట్టు ఎక్కడన్నా చూశారా?" అని అడిగేవారు. నేను చివరిసారి చూసినప్పుడు మంచం మీద ఉన్నారు. దారంతో కట్టిన కాగితం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టారు. రెండు కండెన్సర్లు.

"దొరికితే మార్చు. ఇన్నేళ్ళు ఆగిందంటే ఆ ఊళ్ళో కరెంటు బాలేదన్నమాట. ఎప్పుడో బాగుపడుద్ది" అన్నారు.

అప్పుడైనా చెప్పాల్సింది. "అలాగేనండీ" అని మాత్రం అని వచ్చేశాను. రెండు వారాలకి తాళ్ళ కొట్టాయన ఫోన్ చేశాడు.

అదీ సంగతి. చర్చి సెట్టు గురించి ఫోన్ వచ్చిన వారమే, శనివారం చల్లపల్లిలో దిగి ఆటోలో ఆ ఊరు వెళ్ళాను. బ్యాంకు ఉద్యోగి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. పాస్టరు గారు సన్నగా, తెల్ల చొక్కాలో, నన్ను చూసి కంగారుగా ఎదురొచ్చారు. ప్లగ్గు పీకడమే కాకుండా సెట్టు మీద దుప్పటి కూడా కప్పారు. దుప్పటి తీస్తే అదే గుడ్డ, అదే అంచు. పదేళ్ళకి పైగా ప్రతి ఆదివారం వాడుతున్నారట, ఒక్క రోజు కూడా మొరాయించలేదట. నేను ఆ అంచు మీద చెయ్యి వేసి నిమిరాను.

ఏం చెప్పాలో ఆటోలోనే అనుకున్నాను. తప్పు మా మాస్టారిదండీ, పాపం ఆయన దీనికోసం చాలా వెతికారు అని చెబుదామనుకున్నాను. అది నిజమే. కానీ పాస్టరు గారి ముందు నిలబడేసరికి నా చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి. "తప్పు నాదండీ. ఇందులో కండెన్సరు చాలదు. కొత్త కరెంటుకి పేలొచ్చు. మార్చిపోదామని వచ్చాను" అన్నాను.

పొట్లం కూడా తెచ్చాను గాని విప్పలేదు. ఏళ్ళ తరబడి ఊరికే పడున్న కండెన్సర్లని నమ్మకూడదని నేర్పింది ఆయనే. అవి వేస్తే పైనుంచి తిడతారు. కొత్తవి కొనుక్కొచ్చాను. పాతది పీకి కొత్తవి అతికించేసరికి పాస్టరు గారి భార్య టీ తెచ్చారు. పక్కన పెట్టమని, ముందు మీటరు తగిలించి, ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకుని స్విచ్ వేశాను. ముల్లు లేచింది, ఆగింది, వాల్వులు ఎర్రబడేకొద్దీ దిగింది. కొత్త కండెన్సర్లకి అదొక లెక్క కాదు. అప్పుడు గ్లాసు తీసుకుని సగం తాగి, బ్యాంకు ఉద్యోగిని గిటారు తగిలించమన్నాను.

"మరి రెండో స్విచ్ సంగతి సార్?"

"లేని స్విచ్ చెడిపోదండీ" అన్నాను. అతను నాకు తెలిసిన ఒక పాట మెల్లగా ఎత్తుకున్నాడు. ఆ ఖాళీ చర్చిలో ఆ గుడ్డలోంచి గిటారు చాలా తియ్యగా పలికింది.

పాస్టరు గారు నా పక్కన కూర్చున్నారు. "ఈ సెట్టు మీరు చేసిందేనాండీ?"

"కాదండీ. విజయవాడలో ఒక పెద్దాయన చేశారు. ఇప్పుడు లేరు."

"మరి తప్పు మీదన్నారు?"

పీకిన పాత కండెన్సరుని చేతిలోకి తీసుకున్నాను. "ఆయన తప్పు ఇది. ఇలాంటివి ఇంటింటికీ వెళ్ళి చేతులు జోడించి ఒప్పుకున్నారండీ. నాదొకటుంది. అది ఆయనకి ఒక్కసారి కూడా చెప్పలేదు."

కండెన్సరుని చర్చి కిటికీలో పెట్టి, ఎవరూ వాడకుండా చూడమని చెప్పాను. బల్లమీద మిగిలిన సగం టీ చల్లారి మీగడ కట్టింది. తీసుకుని తాగేశాను.